ఒక్క గోళీలో నాలుగు పుస్తకాలు

పదో తరగతి రిజల్ట్ వచ్చిన మర్నాటి నుంచి జగిత్యాలలోనైనా, కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా పిల్లలకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ‘ఏ గ్రూపు తీసుకున్నవ్?’ బైపీసీ అంటే ఇక బొద్దింక, గుండె, నీట్. హెచ్ఈసీ అంటే రాజులు, తేదీలు, గ్రూప్-2. ఆ రోజు నుంచి బైపీసీ పిల్ల చరిత్ర పుస్తకం ముట్టదు. హెచ్ఈసీ పిలగాడు తన కాలేయం ఎటు పక్కన ఉన్నదో మర్చిపోతాడు. ఇక మనస్తత్వశాస్త్రం సంగతా? మన దిక్కు కాలేజీల్లో ఆ సబ్జెక్టు పేరు వినపడడమే అరుదు.

ఈ గోడలు టైంటేబుల్ కోసం కట్టుకున్నవి. నలభై ఏండ్లు వచ్చేదాకా వాటి మధ్యనే బతుకుతున్నం, గదే బాధ. దీనివల్ల ఏం పోగొట్టుకుంటున్నమో చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, మన ఇంటికి వచ్చే ఒక గోళీ చాలు.

బోదకాలు గోళీ గుర్తుంది కదా! ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో పెరిగిన వాళ్లలో అది మింగని వాళ్లు తక్కువ. ఆశా అక్క వచ్చి, ఇంట్లో ఎంతమంది అని అడిగి, వయసును బట్టి లెక్కపెట్టి చేతిలో పెట్టి ‘నా ముందరనే మింగాలె’ అంటుంది. ‘తిన్నంక వేసుకుంటం తీ’ అని తీసుకుని, ఆమె గేటు దాటంగనే కిటికీలో పెట్టేసే ఇండ్లు కూడా ఉన్నయి. (తిన్నంక వేసుకోవాలన్నది నిజమే. కిటికీకి మాత్రం బోదకాలు రాదు.)

ఆ గోళీ పేరు డైఇథైల్ కార్బమజైన్. పొట్టిగా డీఈసీ. ‘నాకు కాలు వాయలేదు, నేనెందుకు మింగాలె?’ అన్నది ఇంటింటా వినిపించే ప్రశ్న. మంచి ప్రశ్నే. కానీ దానికి జవాబు కరపత్రంలో పట్టదు, జీవశాస్త్రం పుస్తకంలో ఉంటుంది. బోదకాలుకు కారణం దారం లాంటి సన్నని పురుగు. మన ఒంట్లో రక్తనాళాలు కాక శోషరస నాళాలని ఇంకో కాలువల వ్యవస్థ ఉన్నది. పెద్ద పురుగులు వాటిలో ఏండ్ల తరబడి కాపురం ఉంటయి. వాటి పిల్లలు మాత్రం రక్తంలోకి వస్తయి, అది కూడా రాత్రిపూట! పగలు లోపలి అవయవాల్లో, ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో దాక్కుని, మనం పడుకున్నంక చర్మం దగ్గరి రక్తంలోకి చేరుతయి. ఎందుకంటే వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రే. అందుకే బోదకాలు రక్తపరీక్షకు సిబ్బంది రాత్రి తొమ్మిది దాటినంక వీధిలోకి వస్తరు. ‘ఈ టైంలో ఏం పరీక్ష’ అని విసుక్కునే ముందు ఆ పురుగు గడియారం సంగతి తెలిస్తే కథే మారిపోతుంది.

కాలు వాయని మనిషి రక్తంలో కూడా ఈ పిల్లలు ఉండొచ్చు. గోళీ ముఖ్యంగా వాటిని చంపుతుంది. మీ ఇంట్లో దోమ మీ రక్తం తాగి పక్కింటికి మోసుకుపోకుండా ఆపుతుంది. ఒకసారి ఏనుగు కాలులా వాచిన కాలును ఇది మునుపటిలా చేయలేదు. అంటే గోళీ మీ ఒక్కరి కోసం కాదు, గల్లీ కోసం. ఈ ఒక్క సంగతి సరిగ్గా చెప్పగలిగితే కిటికీలో గోళీలు సగం తగ్గుతయని నా నమ్మకం.

ఇప్పుడు చరిత్ర అల్మారా తెరుద్దాం. ఈ పురుగు దోమలో పెరుగుతుందని మొదట పట్టుకున్నది ప్యాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లండ్ డాక్టరు. 1877లో, చైనాలోని అమోయ్ రేవులో. ఎట్ల పట్టుకున్నడు? ఒంట్లో ఈ పురుగు ఉన్న తన పనిమనిషిని దోమలు కుట్టనిచ్చి, ఆ దోమలను కోసి చూసి! మనిషి జబ్బుకు ఒక కీటకం వాహనమని తేలడం అదే మొదలు. ఆ మాన్సనే తర్వాత రొనాల్డ్ రాస్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి వెంటపడ్డడు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రాస్ అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసిండు. 1902లో నోబెల్ వచ్చింది. ఇదంతా బైపీసీ పుస్తకంలో ఒక లైను. కానీ అమోయ్‌లో దోమలకు ఒళ్లు అప్పగించిన ఆ పనిమనిషిని ఎవరన్నా అడిగిండ్రా, అతను కాదనగలిగే స్థితిలో ఉన్నడా అన్నది చరిత్ర అడిగే ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలు ఒకే బుర్రలో ఉండాలె. డాక్టరు కాబోయే బుర్రలో మరీ ఉండాలె.

ఇంకా వెనక్కి పోతే సుశ్రుత సంహితలో ఈ జబ్బు పేరు శ్లీపదం. నీళ్లు పాతబడి నిలిచిపోయే చోట్ల ఇది ఎక్కువని అందులో ఉన్నది. దోమ సంగతి తెలియకున్నా, మురుగు సంగతి పట్టుకున్నరన్నమాట.

మరి గోళీ ఎవరిది? భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన బృందానిది. అమెరికాలో లెడర్లీ అనే కంపెనీ ప్రయోగశాలలకు ఆయన పెద్ద. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులకు ఫైలేరియా తగులుకోవడంతో మందు కోసం వెతుకులాట పెరిగింది. కాటన్ ర్యాట్ అనే ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షించి 1947లో ఈ మందు సంగతి ప్రకటించిండ్రు. కోరుట్ల పశువైద్య కళాశాల పిల్లలు ఈ వాక్యం దగ్గర కాలర్ ఎగరేసుకోవచ్చు. మనిషికి మందు దొరకాలంటే ముందు జంతువు ఒళ్లు తెలిసినవాళ్లు కావాలె. ఆ మరుసటి ఏడే, 1948లో, 53 ఏండ్లకు సుబ్బారావు చనిపోయిండు. తిరిగి మన దేశం చూడనే లేదు.

ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను మొదటిసారి కొంతకాలమైనా వెనక్కి నెట్టగలిగిండు. ఆ కథ సిద్ధార్థ ముఖర్జీ 2010లో రాసిన ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’లో ఉన్నది. పులిట్జర్ బహుమతి వచ్చిన పుస్తకం. లావు చూసి భయపడకండి. క్యాన్సర్ కణం ఎట్ల పెరుగుతదన్నది జీవశాస్త్రం, దానికి మందు వైద్యం, నాలుగు వేల ఏండ్ల వెనకటి నుంచి మొదలయ్యేది చరిత్ర, రోగి ముందు కూర్చున్న డాక్టరు తడబాటు మనస్తత్వం. నాలుగు అల్మారాలు ఒకే అట్టల మధ్య. నా లెక్కలో పండిత గ్రంథమంటే అది.

బోదకాలుకు నాలుగో అల్మారా కూడా ఉన్నది. వాచిన కాలు కన్నా ఎక్కువ నొప్పి పెళ్లిళ్లకు పోవడం మానేసినప్పుడు పుడుతుంది. చీర కుచ్చిళ్లు కిందికి లాక్కోవడం, ఫొటోలో వెనక వరుసలో నిలబడడం, ఇంట్లో ఒకరికి ఉంటే పిల్ల సంబంధం దగ్గర దాచిపెట్టడం మనం చూడనివి కావు. ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో ‘స్టిగ్మా’ అని ఒక చిన్న పుస్తకం రాసిండు. ఒంటి మీది మచ్చ మనిషి మీది మచ్చగా ఎట్ల మారుతదో చెప్తుంది. బోదకాలు పింఛను తీసుకునే అవ్వ కార్డును కొంగులో దాచుకుని ఎందుకు నడుస్తదో అది చదివినంక ఇంకో తీరుగ అర్థమైతది.

జబ్బు సంగతి అయింది. ఇప్పుడు పని సంగతికి సిరిసిల్లకు పోదాం. సాంచెల మధ్య పొద్దంతా నిలబడే మనిషి ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడతడు. అలవాటని మనం అనుకుంటం. చప్పుడుతో చెవి లోపలి సన్నని రోమకణాలు చచ్చిపోతే మళ్లీ మొలవవని జీవశాస్త్రం అంటుంది. 1700లో బెర్నార్డీనో రామజ్జీనీ అనే ఇటలీ డాక్టరు పనివాళ్ల జబ్బుల మీదనే ఒక పుస్తకం రాసి, తర్వాత 1713లో దాన్ని పెంచిండు. రాగి కొట్టేవాళ్లకు చెవుడు వస్తుందని రాసిండు. పొగాకు నూరేవాళ్లకు తలనొప్పి, కడుపులో తిప్పడం గురించి రాసిండు. కోరుట్లలో, జగిత్యాలలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే అక్కలకు ఆ పేజీ చదివి వినిపిస్తే ‘ఇది మా ముచ్చటే కదా’ అంటరు. రోగి వచ్చినప్పుడు డాక్టరు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉన్నదన్నడు రామజ్జీనీ: నువ్వు ఏం పని చేస్తవు? మూడు వందల ఏండ్లు దాటింది. పోయినసారి దవాఖానకు పోయినప్పుడు మిమ్మల్ని ఎవరన్నా ఆ ప్రశ్న అడిగిండ్రా?

సిరిసిల్ల అనగానే పేపర్లు ఇన్నేండ్లు రాసిన ఇంకో ముచ్చట ఉన్నది. నేత కార్మికుల ఆత్మహత్యలు. దీని మీద మన దగ్గర రెండు తీర్ల మాటలు వినిపిస్తయి. ‘మనసు గట్టిగ లేక’ అని ఒకరు, ‘అప్పుల వల్ల’ అని ఇంకొకరు. మనసా, అప్పా అని వాదించుకుంటుంటే ఈ రెండూ వేరు వేరు అన్నట్టే అనిపిస్తుంది. ఇక్కడ సెంథిల్ ములైనాథన్ అనే ఆర్థికవేత్త, ఎల్దార్ షాఫిర్ అనే మనస్తత్వశాస్త్రవేత్త కలిసి 2013లో రాసిన ‘స్కేర్‌సిటీ’ పనికొస్తుంది. అదే ఏడాది వాళ్లు తోటివాళ్లతో కలిసి ప్రచురించిన ఒక అధ్యయనం తమిళనాడు చెరకు రైతుల మీద. 464 మంది రైతులకు ఒకే రకం ఆలోచన పరీక్షలు రెండుసార్లు పెట్టిండ్రు, పంట డబ్బులు రాకముందు ఒకసారి, వచ్చినంక ఒకసారి. మనిషి అదే. చేతిలో డబ్బు ఉన్నప్పుడు మార్కులు మెరుగ్గా వచ్చినయి. తెలివి పెరగలేదు, అప్పటిదాకా బుర్రలో జాగా అంతా ‘రేపెట్ల’ అన్న ఆలోచనే ఆక్రమించిందని వాళ్ల వాదం.

చెరకు పైసల కోసం ఎదురుచూసుడు అంటే ఏందో కోరుట్ల, మెట్‌పల్లి రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డ ప్రాంతం ఇది. సిరిసిల్లలో బతుకమ్మ చీరల ఆర్డర్ 2017లో మొదలైనప్పుడు పని చేతికి వచ్చిన ఇంటికీ, ఆర్డర్ లేని నెలల్లో అదే ఇంటికీ తేడా ఆసామికీ తెలుసు, కార్మికుడికీ తెలుసు. అయితే ఒక అధ్యయనం పట్టుకుని అంతా తేలిపోయిందని నేననను. తర్వాత దాని లెక్కల మీద విమర్శలు కూడా వచ్చినయి. వాదన వినడం, ఎదురు వాదన వినడం, రెంటినీ మన ఊరి మీద పెట్టి చూడడం, పండితుల పుస్తకం నేర్పేది ఈ పద్ధతినే. 30 సెకన్ల రీల్‌లో దీనికి చోటు లేదు. ఇది చదువుతుంటే మీకో, మీ వాళ్లకో మనసు బాగా బరువుగా ఉంటే పుస్తకం దాకా ఆగకండి, టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతరు, పైసలు పడవు.

‘ఇవన్నీ ఇంగ్లిష్ పుస్తకాలే కదా, నాది తెలుగు మీడియం’ అంటరా? సరే, అసలు లొల్లి ఇక్కడే ఉన్నది.

మన ప్రాంతంలో పెద్ద చదువు ఎప్పుడూ వేరే భాష బట్టలే వేసుకుని వచ్చింది. నిజాం కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో మొదలైంది. పుస్తకాల కోసం 1917లోనే ఒక అనువాద సంస్థను పెట్టిండ్రు. చరిత్ర తారీఖ్ అయింది, మనస్తత్వశాస్త్రం నఫ్సియాత్ అయింది. పండిత గ్రంథాలను దేశభాషలోకి తేవాలన్న ఆ పట్టుదల గొప్పదే, నేను కాదనను. కానీ సిరిసిల్ల తాలూకా హనుమాజీపేటలో పుట్టిన సి.నారాయణరెడ్డి బీఏ దాకా ఉర్దూ మీడియంలోనే చదవాల్సి వచ్చింది. తెలుగుకు జ్ఞానపీఠం తెచ్చిన మనిషి సంగతే అది! 1935లో ఆంధ్ర మహాసభ నాలుగో సమావేశం మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన జరిగింది సిరిసిల్లలోనే. ఆ సభలు మాతృభాషలో చదువు, గ్రంథాలయాలు అని కొట్లాడినయి.

అంతకన్నా ముందే, 1906లో, హైదరాబాద్‌లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు దానికి ప్రాణం. ఆ మండలి వేసిన పుస్తకాలు చూడండి: గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన లింకన్ జీవితం, చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’, ఆచంట లక్ష్మీపతి ‘జీవశాస్త్రము’. చరిత్ర, జీవశాస్త్రం ఒకే బల్ల మీద! ఈ లక్ష్మీపతి డాక్టరు. తర్వాత మద్రాసులో ఆయన ఆయుర్వేద కళాశాల నడిపినప్పుడు అక్కడ శరీర నిర్మాణశాస్త్రం చెప్పిన కుర్ర లెక్చరరు ఎవరో తెలుసా? మన గోళీ సుబ్బారావే.

1968లో తెలుగు అకాడమీ వచ్చింది. తొలి అధ్యక్షుడు ఉమ్మడి కరీంనగర్ బిడ్డ పీవీ నరసింహారావు. జంతుశాస్త్రం నుంచి మనోవిజ్ఞానం దాకా డిగ్రీ పుస్తకాలు తెలుగులో తెచ్చింది. ఆ పరిభాష గట్టిదని నవ్వుతరు చాలామంది. కొన్ని పదాలు గొంతులో ఇరుక్కునే మాట నిజమే. కానీ పైన నేను వాడిన ‘శోషరసం’ ఆ బాపతుదే. మీరు ఆగకుండ చదివేసిండ్రు కదా!

ఇయ్యాల జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నయి. పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్యం. ఒకప్పుడు హైదరాబాద్, వరంగల్ పోతే తప్ప దొరకని చదువు బస్సు దూరంలోకి వచ్చింది. కానీ లోపలికి పోయిన తెలుగు మీడియం పిల్ల మొదటి నెలలో గైటన్ ఫిజియాలజీ తెరిచి, ప్రతి వాక్యంలో నాలుగు పదాలకు డిక్షనరీ చూసి, రాత్రి హాస్టల్‌లో ‘నేను పనికిరానేమో’ అనుకుంటుంది. పనికిరాకపోవడం కాదు, పదాల సమస్య. ఆ పిల్లకు నా సలహా చాలా మామూలుది: అదే అధ్యాయాన్ని మొదలు తెలుగు అకాడమీ పుస్తకంలో చదవాలె, బొమ్మ మనసులో పడ్డంక ఇంగ్లిష్‌కు పోవాలె. సిగ్గుపడేది ఏం లేదు. చిన్నతనంగా చూసేవాళ్లే రేపు వార్డులో అవ్వకు ‘లింఫ్’ అంటే ఏందో చెప్పలేక నీళ్లు నములుతరు.

డాక్టర్లు కాని మనకు తెలుగులో ఏమున్నయి? ‘వైద్యుడు లేని చోట’ ఉన్నది, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆడవాళ్ల ఆరోగ్యం మీద ‘సవాలక్ష సందేహాలు’ ఉన్నది. పేరు సరదాగా ఉంటుంది, లోపల మాత్రం అమ్మను అడగలేని ప్రశ్నలకు సూటి జవాబులు. రక్తం కథంతా ‘జీవనది’ పేరుతో వేమూరి వెంకటేశ్వరరావు రాసిండు. అమెరికాలో కంప్యూటర్లు బోధించిన మనిషి తెలుగులో రక్తం గురించి రాయడం చూస్తే గ్రూపుల గోడ ఎంత ఉత్తదో తెలుస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్ల మాటలను వాళ్ల గొంతులోనే పట్టుకున్న ‘మనకు తెలియని మన చరిత్ర’ ఉన్నది. అడవిలో కాన్పులు, ఆకలి, వదిలేసి వచ్చిన పిల్లలు... చరిత్ర పుస్తకమే, కానీ చదువుతుంటే మనస్తత్వం పుస్తకమే అనిపిస్తుంది.

ఒక్క రూపాయి పెట్టకుండ మొదలు పెట్టాలంటే సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. 1949లో అచ్చయింది. సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన తొలి బహుమతి దీనికే. రాజులను పక్కన పెట్టి జనం ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, ఏ ఆటలాడిండ్రు అని వెతికిన పుస్తకం. తెలుగు వికీసోర్స్‌లో ఉన్నది, ఫోన్‌లోనే చదువుకోవచ్చు. మొదటి పేజీ నుంచి పోవాలని రూలేం లేదు. కాకతీయుల అధ్యాయం తెరవండి, అది మన మట్టి. జగిత్యాల జిల్లావాళ్లయితే దాని కన్నా వెయ్యేండ్లకు పైగా వెనక్కి పోవచ్చు, మీ గోదావరి ఒడ్డున కోటిలింగాలలో. గోబద, నారన, కంవాయ, సమగోప అని పేర్లున్న నాణేలు దొరికిన ఊరు అది. ధర్మపురి పోయే దారిలో సెల్ఫీకి ఆగే వాళ్లు ఆ నాలుగు పేర్లు ఒకసారి వెతికి చూడండి.

లావు పుస్తకం ఒక్కరే చదివితే నూరో పేజీ దగ్గర ఆగిపోతరు, ఇది అందరికీ ఉన్నదే. నలుగురు కలవండి. ఒక బైపీసీ, ఒక హెచ్ఈసీ, ఒక పశువైద్యం, ఒకరు సాంచెల మీద పని చేసేవాళ్లు. వారానికి ఒక్క అధ్యాయం, ఆదివారం అరగంట వాట్సాప్ కాల్. అర్థం కానిది ఎవరి గ్రూపుదైతే వాళ్లే చెప్పాలె. గుడ్ మార్నింగ్ పువ్వులు పెట్టిన వాళ్లను మాత్రం అడ్మిన్ ఒక వారం బయట నిలబెట్టొచ్చు.